పెరట్లో గడ్డి పెరిగిందా? నోటీసు వస్తుంది!

అమెరికాలో ఇల్లు కొనాలనుకునే మనవాళ్లు చూసేవి ముఖ్యంగా నాలుగు. వడ్డీ రేటు, స్కూల్ రేటింగ్, తూర్పు వాకిలి, ఆఫీసుకు ఎంత దూరం. కాలిఫోర్నియాలో అయితే ఐదోది కూడా ఒకటుంది. గృహప్రవేశం రోజు దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఇంటి చుట్టూ మొలిచే గడ్డి!

నవ్వకండి. ఇక్కడ ఆ గడ్డికి అంగుళాల లెక్కుంది. కోయడానికి గడువుంది. కోయకపోతే నోటీసు వస్తుంది, తర్వాత బిల్లు వస్తుంది. కొన్నిచోట్ల ఇల్లు అమ్ముకోవాలన్నా గడ్డి కోసినట్టు కాగితం చూపించాలి. మొదటిసారి విన్నప్పుడు ‘ఇదేం చాదస్తం రా బాబూ’ అనిపిస్తుంది. ఆ రూల్ వెనకున్న కథ తెలిశాక మాత్రం నవ్వు రాదు.

నేను శాన్ హోసేలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. మాది ఖమ్మం వైపు. అక్కాబావలు ఊరి తూర్పు చివర, కొండల అంచున ఇల్లు కొనుక్కున్నారు. వాళ్ల పెరట్లో ఉన్న చిన్న ఇంట్లో నేను అద్దెకుంటున్నా. 2025లో రాష్ట్ర ప్రభుత్వం అగ్నిప్రమాద మ్యాపులను కొత్తగా విడుదల చేసింది. మోడరేట్, హై, వెరీ హై అని మూడు తరగతులు. మా వీధి ‘వెరీ హై’లోకి వచ్చింది. అప్పటి నుంచీ మా ఇంట్లో క్రికెట్ తర్వాత ఎక్కువ చర్చ గడ్డి మీదే.

బంగారు కొండల అసలు రంగు

ముందు ఇక్కడి వాతావరణం అర్థం కావాలి. మనకు వానలు జూన్‌లో మొదలవుతాయి. ఎండలు ముదిరాక వాన పడి అన్నీ తడుస్తాయి. ఇక్కడ అంతా తలకిందులు. వాన చలికాలంలో, అంటే సుమారుగా నవంబర్ నుంచి మార్చి దాకా పడుతుంది. ఫిబ్రవరి, మార్చిల్లో కొండలు చూస్తే మన అరకు గుర్తొస్తుంది. అంత పచ్చగా ఉంటాయి. మే వచ్చేసరికి అదే గడ్డి ఎండిపోయి గోధుమ రంగుకు తిరుగుతుంది. ఇక అక్టోబర్ దాకా దాదాపు చుక్క పడదు.

ఇన్‌స్టాలో ‘గోల్డెన్ హిల్స్’ అని ఫొటోలు పెడతామే, ఆ బంగారం ఎండుగడ్డే. అందులోనూ ఎక్కువ భాగం ఈ నేలది కాదు. స్పెయిన్ వాళ్లు ఇక్కడికి వచ్చి పశువులను మేపిన కాలం నుంచీ యూరప్ గడ్డిజాతులు కొండలన్నీ ఆక్రమించాయి. ఏటా మొలిచి, గింజలు రాల్చి, ఎండిపోవడమే వాటి పని. పాత స్థానిక గడ్లలో చాలావాటికి వేర్లు లోతు, ఏళ్ల తరబడి బతుకుతాయి. ఈ వలస గడ్డి మాత్రం ఏటా వేసవికి అగ్గిపెట్టెలో పుల్లల్లా తయారవుతుంది.

ఇక్కడే ఒక తిరకాసు. వానలు బాగా పడ్డాయని సంతోషిస్తాం. కానీ ఎక్కువ వాన అంటే ఎక్కువ గడ్డి. ఎక్కువ గడ్డి అంటే తర్వాత ఎక్కువ ఇంధనం. దక్షిణ కాలిఫోర్నియాలో రెండు చలికాలాలు బాగా వానలు పడ్డాయి. పొదలు ఏపుగా పెరిగాయి. ఆ తర్వాత 2024 చివర్లో వానలు ముఖం చాటేశాయి. 2025 జనవరి 7న భీకరమైన గాలుల్లో లాస్ ఏంజెలెస్ దగ్గర పాలిసేడ్స్, ఈటన్ మంటలు లేచాయి. రెండూ కలిపి 16 వేలకు పైగా కట్టడాలను బూడిద చేశాయి. 30 మందికి పైగా చనిపోయారు.

కందిరీగల పుట్ట.. 4 లక్షల ఎకరాలు

ఎండుగడ్డి దానంతటదే అంటుకోదు. ఎక్కడో ఒక రవ్వ పడాలి. ఆ రవ్వ ఎంత చిన్నదైనా చాలు.

2018 జులైలో ఉత్తర కాలిఫోర్నియాలో ఒక పశువుల ఆసామి తన స్థలంలో కందిరీగల పుట్టను మూసేద్దామనుకున్నాడు. ఇనుప మేకును సుత్తితో నేలలోకి కొట్టాడు. దాన్నుంచి ఎగిరిన రవ్వ ఎండుగడ్డి మీద పడింది. అదే ‘రాంచ్ ఫైర్’. కాల్చిన విస్తీర్ణం సుమారు 4 లక్షల 10 వేల ఎకరాలు. మంటలార్పడానికి వచ్చిన సిబ్బందిలో ఒకరు ప్రాణం కోల్పోయారు. రాష్ట్ర అగ్నిమాపక శాఖ కాల్ ఫైర్ దర్యాప్తు చేసి తేల్చిన కారణం ఇది.

అదే నెలలో రెడ్డింగ్ దగ్గర ఒక ట్రైలర్ టైరు పంక్చరైంది. చక్రం ఇనుప అంచు రోడ్డుకు రాసుకుని రవ్వలు లేచాయి. ఆ ‘కార్ ఫైర్’లో వెయ్యికి పైగా ఇళ్లు పోయాయి.

కుట్రలు లేవు, పెట్రోలు డబ్బాలు లేవు. మామూలు మనుషులు, మామూలు పనులు. చుట్టూ ఎండుగడ్డి ఉండటమే అసలు సమస్య. అందుకే చట్టం రవ్వ కంటే ముందు గడ్డి వెంట పడుతుంది.

ఇంకో మెలిక చూడండి. గడ్డి కోసే మెషిన్ కూడా మంట పెట్టగలదు. లోహపు బ్లేడు రాయికి తగిలితే రవ్వ లేస్తుంది. అందుకే కాల్ ఫైర్ ఒక మాట పదే పదే చెబుతుంది. గడ్డి ఉదయం 10 లోపు కోయండి, గాలి వీస్తున్నప్పుడు వద్దు, బాగా పొడిగా ఉన్న రోజు అసలొద్దు. మంచి పనే అయినా తప్పు టైమ్‌లో చేస్తే కొంపలంటుకుంటాయి. అక్షరాలా!

ఇంటిని కాల్చేది మంట కాదు, రవ్వ

మనం సినిమాల్లో చూసేది వేరు. పెద్ద మంట గోడలా ముందుకొచ్చి ఇంటిని మింగేస్తుంది. అలా జరగదని కాదు. కానీ చాలా ఇళ్లు అంటుకునేది నిప్పురవ్వల వల్ల. గాలికి అవి మైలు దూరం కూడా ఎగురుతాయి. వచ్చి గట్టర్‌లో పేరుకున్న ఎండాకుల్లో పడతాయి. గుమ్మం ముందున్న కొబ్బరిపీచు డోర్‌మ్యాట్ మీద పడతాయి. అటకకు గాలి వెళ్లే జాలీలోంచి లోపలికి దూరతాయి. కిటికీ కింద ఎండిన పొదలో పడి, అది మండి, ఆ వేడికి అద్దం పగిలి, మంట లోపలికి వెళుతుంది.

అమెరికా అటవీ శాఖలో పనిచేసిన శాస్త్రవేత్త జాక్ కోహెన్ ఏళ్ల తరబడి దీన్నే పరిశోధించారు. ఇల్లు బతుకుతుందా లేదా అన్నది ఎక్కువగా ఆ ఇల్లు, దాని చుట్టూ ఉన్న కొద్దిపాటి జాగా మీదే ఆధారపడుతుందని ఆయన తేల్చారు. దానికాయన పెట్టిన పేరు ‘హోమ్ ఇగ్నిషన్ జోన్’. అంటే అడవి మొత్తాన్ని మార్చక్కర్లేదు. ఇంటి చుట్టూ ఉన్న జాగాను సరిచేస్తే చాలా తేడా వస్తుంది.

2018 నవంబర్ 8న ప్యారడైజ్ అనే ఊరు ఒక్కరోజులో దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. 85 మంది చనిపోయారు. 18 వేలకు పైగా కట్టడాలు పోయాయి. అప్పటి ఫొటోలు వెతికి చూడండి. ఇళ్లు బూడిదైపోయాయి, పక్కనే చెట్లు మాత్రం ఆకులతో నిలబడి ఉన్నాయి. మంట చెట్ల మీదుగా గోడలా వచ్చి ఉంటే ముందు చెట్లే పోవాలి కదా. రవ్వలు ఇళ్లను వెతుక్కుంటూ వచ్చాయి. ఆ తర్వాత ఒక ఇల్లు ఇంకో ఇంటిని అంటించింది.

5, 30, 100.. ఈ మూడు అంకెలు గుర్తుపెట్టుకోండి

రాష్ట్ర చట్టం ప్రకారం ప్రమాదం ఎక్కువున్న ప్రాంతాల్లో ఇంటి చుట్టూ 100 అడుగుల దాకా జాగాను రక్షణకు వీలుగా ఉంచాలి. దీన్నే ‘డిఫెన్సిబుల్ స్పేస్’ అంటారు. మంట మెల్లబడాలి, అగ్నిమాపక సిబ్బంది నిలబడి పనిచేయడానికి చోటుండాలి. అదీ ఉద్దేశం. నీళ్ల ట్యాంకరుతో వచ్చినవాళ్లకు నిలబడే జాగా లేకపోతే వాళ్లు మాత్రం ఏం చేస్తారు?

30 నుంచి 100 అడుగుల మధ్య: ఏటా మొలిచే గడ్డి 4 అంగుళాలు మించకూడదు. పొదకూ పొదకూ, చెట్టుకూ చెట్టుకూ మధ్య ఎడం ఉండాలి. ఏటవాలు నేల అయితే ఆ ఎడం ఇంకా పెరగాలి. మంట కొండ దిగేటప్పటి కంటే ఎక్కేటప్పుడే వేగంగా పోతుంది మరి.

5 నుంచి 30 అడుగుల మధ్య: ఎండిన మొక్కలు, రాలిన ఆకులు ఉండకూడదు. కప్పు మీద, గట్టర్లలో చెత్త తీసేయాలి. చెట్ల కొమ్మల మధ్య 10 అడుగుల ఖాళీ ఉండాలి. కట్టెల మోపులు ఇక్కడ పెట్టకూడదు, 30 అడుగుల అవతలికి జరపాలి.

మొదటి 5 అడుగులు: అసలు గొడవంతా ఇక్కడే. దీన్ని ‘జోన్ జీరో’ అంటారు. ఇంటి గోడ నుంచి 5 అడుగుల వరకు మండే వస్తువు ఏదీ ఉండకూడదన్నది ఆలోచన. కంకర, రాళ్లు, సిమెంట్ ఓకే. మొక్కల మొదట్లో పరిచే చెక్కపొట్టు, గోడకు ఆనుకున్న పొద, ఇంటికి తగిలే చెక్క కంచె.. ఇవేవీ వద్దు. 2020లో చేసిన చట్టంతో ఈ జోన్ పుట్టింది. లాస్ ఏంజెలెస్ మంటల తర్వాత, 2025 ఫిబ్రవరిలో గవర్నర్ గావిన్ న్యూసమ్ దీని నియమాలను త్వరగా తేల్చమని ఆదేశించారు. బర్క్‌లీ నగరం రాష్ట్రం కోసం ఆగకుండా, కొండల మీద ప్రమాదం ఎక్కువున్న తన ప్రాంతాలకు సొంత రూలే చేసుకుంది.

ఊరిని బట్టి లెక్కలు మారతాయి. లాస్ ఏంజెలెస్ నగరంలో ప్రమాదం బాగా ఎక్కువున్న చోట్ల 100 కాదు, 200 అడుగులు. గడ్డి 3 అంగుళాలు. మే 1 నుంచి తనిఖీలు మొదలవుతాయి. కాబట్టి అన్న చెప్పాడు, ఫ్రెండ్ చెప్పాడు అని కాకుండా మీ ఊరి ఫైర్ డిపార్ట్‌మెంట్ సైట్‌లో చూసుకోవడమే మంచిది.

కోయకపోతే ఏమవుతుంది?

కొండల్లోనే కాదు, ఊళ్లో ఖాళీ జాగాలకూ గడ్డి చట్టముంది. అందులో పనికిరాని మొక్క అంటే ఏమిటో భలే రాశారు. ఎండితే మంటకు ఆస్కారమిచ్చే పొదలు, ఎండుగడ్డి ఉన్నాయి. దూదిలా ఎగిరే గింజలున్న మొక్కలు కూడా ఉన్నాయి. మన జిల్లేడు ఇక్కడుంటే అదీ ముద్దాయే!

పద్ధతి ఇలా ఉంటుంది. నగర కౌన్సిల్ లేదా కౌంటీ ఒక తీర్మానం చేసి ఆ గడ్డిని ‘పబ్లిక్ న్యూసెన్స్’ అని ప్రకటిస్తుంది. యజమానికి నోటీసు పంపుతారు. అభ్యంతరం ఉంటే చెప్పుకోవడానికి ఒక రోజు ఇస్తారు. గడువు దాటాక ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తారు. గడ్డి అలాగే ఉంటే కాంట్రాక్టర్‌తో కోయించేస్తారు. ఆ ఖర్చు, దానిపైన ఆఫీసు ఖర్చులు కలిపి మీ ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లులో కలిపేస్తారు. ట్యాక్స్ ఎగ్గొట్టలేం కదా. కాబట్టి ఇదీ ఎగ్గొట్టలేం. పైగా వాళ్లు కోయిస్తే అయ్యే ఖర్చు మనం కోయించుకునే దానికంటే బాగా ఎక్కువ.

రెండో దెబ్బ అమ్మేటప్పుడు. 2021 జులై 1 నుంచి హై, వెరీ హై జోన్లలో ఇల్లు అమ్మేవాళ్లు డిఫెన్సిబుల్ స్పేస్ నియమాలు పాటించినట్టు కాగితం చూపించాలి, లేదంటే ఆ బాధ్యత కొనేవాళ్లు ఒప్పందం చేసుకుని తీసుకోవాలి. మీరు ఇల్లు కొనే పనిలో ఉంటే ఆ కాగితం అడగండి. వంటింటి గ్రానైట్ కంటే ఇది ముఖ్యం.

మూడోది, అన్నిటికంటే పెద్దది.. ఇన్సూరెన్స్. 2024లో ఒక పెద్ద కంపెనీ కాలిఫోర్నియాలో సుమారు 72 వేల పాలసీలను రెన్యూ చేయబోమని ప్రకటించింది. పాలసీ పోతే చివరి దిక్కు ‘ఫెయిర్ ప్లాన్’. సాధారణంగా దాని ప్రీమియం ఎక్కువ, కవరేజీ తక్కువ. లోన్ మీద కొన్న ఇంటికి ఇన్సూరెన్స్ లేకపోతే బ్యాంకు ఒప్పుకోదు. అంటే గోడ పక్కన ఎండిన పొద ఒకటి చుట్టూ తిరిగి మన ఈఎంఐ దాకా వస్తుంది. ఇంకో వైపు నుంచి చూస్తే మంచి కబురు కూడా ఉంది. ఇంటిని మంటల నుంచి కాపాడుకునే పనులు చేసినవాళ్లకు ప్రీమియంలో తగ్గింపు ఇవ్వాలని 2022లో రాష్ట్రం రూల్ పెట్టింది.

‘నేను అద్దెకుంటున్నా, నాకేంటి’ అనుకునే బ్యాచిలర్ తమ్ముళ్లకు ఒక మాట. రాష్ట్ర చట్టంలో 100 అడుగుల బాధ్యత ఇంటి సొంతదారు ఒక్కరిదే అని లేదు. లీజుకు తీసుకున్నవాళ్లు, నిర్వహించేవాళ్లు అని కూడా ఉంది. అడవి అంచున ఇల్లు అద్దెకు తీసుకుంటే గడ్డి ఎవరు కోయాలో అగ్రిమెంట్‌లోనే రాయించుకోండి.

మల్లెపందిరి పంచాయితీ

ఇప్పుడు మా ఇంటి కథ. గత వేసవిలో బావకు ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. పైనుంచి తీసిన ఇంటి ఫొటో కూడా అందులో ఉంది. వంటింటి గోడకు ఆనుకున్న తీగ, పక్కింటికీ మాకూ మధ్యనున్న జూనిపర్ పొదలు.. వీటి చుట్టూ గీతలు గీశారు. సరిచేయకపోతే రెన్యూవల్ కష్టమని మర్యాదగా రాశారు.

ఆ తీగ మామూలు తీగ కాదు. అత్తయ్య, అంటే బావ వాళ్లమ్మగారు, 6 నెలల వీసా మీద వచ్చినప్పుడల్లా నీళ్లు పోసి పెంచిన మల్లె. చెక్క పందిరి బావ చేతులతో కట్టాడు. సాయంత్రం కిటికీ తీస్తే ఇల్లంతా వాసన. ఇక్కడ ఆవిడకు కబుర్లు చెప్పుకునే తోడు లేదు, కారు నడపడం రాదు. రోజులో ఆవిడ ఇష్టంగా గడిపేది ఆ పందిరి దగ్గరే.

బావ విషయం చెప్పలేక నన్ను పంపాడు. ‘‘అత్తయ్యా, పందిరి గోడ దగ్గర్నుంచి తీసేయాలంట’’ అన్నా. ‘‘రోజూ నీళ్లు పోస్తున్నా కదయ్యా, పచ్చి తీగ ఎట్లా అంటుకుంటది?’’ అని అడిగింది. నిజం చెప్పాలంటే అది చాలా మంచి ప్రశ్న. దక్షిణ కాలిఫోర్నియాలో జోన్ జీరోను వ్యతిరేకించిన ఇంటి యజమానుల వాదన కూడా అచ్చం ఇదే. తడిగా ఉండే పచ్చని మొక్క రవ్వలను ఆపుతుంది, దాన్నెందుకు పీకేయాలి అని. దానికి అవతలి వాళ్ల జవాబు ఒకటుంది. ఈ వేసవిలో నీళ్లు పోసే మనిషి వచ్చే వేసవిలో ఉంటారని ఏంటి నమ్మకం? తీగ పైకి పచ్చగా ఉన్నా లోపల ఎండుటాకులు దాచుకుంటుంది. పైగా పందిరి చెక్కది.

నేను జోన్లు, మ్యాపులు, అడుగులు చెప్పుకుంటూ పోతున్నా. ఆవిడ కాసేపు విని, మధ్యలో ఆపి, ‘‘అంటే గడ్డివాము ఇంటికి ఆనించి వేయొద్దని. అంతేగా?’’ అంది.

అంతే! పల్లెటూళ్లో పెరిగిన ఎవరికైనా తెలిసిన సంగతే ఇది. వామి ఇంటికి దూరంగా వేస్తారు. పూరిళ్ల వాడలో ఎండాకాలం ఒక పొయ్యిలోంచి రవ్వ ఎగిరితే వరస మొత్తం పోయేది. ‘‘మా చిన్నప్పుడు ఎండాకాలం మిట్టమధ్యాహ్నం పొయ్యి వెలిగిస్తే పెద్దవాళ్లు తిట్టేవాళ్లు’’ అని చెప్పిందావిడ. కాల్ ఫైర్ 10 లోపు గడ్డి కోయమంటోంది, మన పెద్దవాళ్లు గాలి లేవకముందే వంట ముగించమనేవాళ్లు. రెండూ ఒకటే.

మల్లెను పెరటి చివరికి, ఇనుప ఫ్రేమ్ మీదికి మార్చాం. తీగ బతికింది. కానీ ఆ ఏడు పూయలేదు. ఆవిడ ఇండియా వెళ్లేటప్పుడు దాని గురించి ఒక్క మాట కూడా అనలేదు. ఎయిర్‌పోర్టుకు బయల్దేరే ముందు మాత్రం వెళ్లి ఒకసారి నీళ్లు పోసి వచ్చింది. రూల్ సరైనదే అయినా, దానివల్ల కొందరికి పోయేది అడుగుల్లో కొలవలేం.

గోడ అవతలి 30 అడుగులు

మల్లె సంగతి తేలింది. మరి జూనిపర్ పొదలు? అవి ఉన్నది మా స్థలంలో కాదు. పక్కింటి వియత్నాం పెద్దాయనవి.

చట్టంలో 100 అడుగులని ఉన్నా, ఆ బాధ్యత సాధారణంగా మన హద్దు దగ్గర ఆగిపోతుంది. కానీ కాలిఫోర్నియా ఊళ్లలో ఇళ్లు ఎంత దగ్గరగా ఉంటాయో తెలుసుగా. మా ఇంటి నుంచి కంచెకు 6 అడుగులు. అంటే మా 30 అడుగుల్లో 24 ఆయన దగ్గరున్నాయి. ఆయన 30లో ఎక్కువ భాగం మా దగ్గరుంది. మేం ఎంత శుభ్రంగా ఉంచుకున్నా ఆయన పొద అంటుకుంటే మా కిటికీ పగులుతుంది. మా కోడ్ ఎంత బాగా రాసినా, పక్క టీమ్ సర్వీస్ పడిపోతే మా యాప్ కూడా పడిపోయినట్టు!

బావ ముందు కౌంటీకి కంప్లైంట్ పెడదామన్నాడు. అక్క ఒప్పుకోలేదు. ‘‘ముందు పలకరిద్దాం’’ అంది. పెద్దాయనకు ఇంగ్లిష్ తక్కువ. ఆయన కూతురు వచ్చిన ఆదివారం నలుగురం కంచె దగ్గర నిలబడి మాట్లాడుకున్నాం. తేలిందేంటంటే, ఆయనకు కూడా అలాంటి ఉత్తరమే వచ్చింది. అందులో గీతలు గీసింది మా చెక్క పందిరి చుట్టూ! ఆయన కూడా మాతో ఎలా చెప్పాలా అని నెలరోజులుగా మథనపడుతున్నారు.

ఇద్దరం కలిసి ఒకే కాంట్రాక్టర్‌ను పిలిచాం. జూనిపర్లు తీయించాం, ఖర్చు చెరిసగం. పొదలు పోయాక కంచె బోసిగా ఉంది, ఆయన వంటిల్లు మాకు, మా వంటిల్లు ఆయనకు కనిపిస్తున్నాయి. మొదట్లో కొంచెం ఇబ్బందే. ఇన్సూరెన్స్ మాత్రం ఆ ఏడాదికి రెన్యూ అయింది. ప్రీమియం పెరిగింది. తగ్గుతుందని ఆశపడ్డ బావ ముఖం చూడాలి మీరు!

మేకలకు కాంట్రాక్టు

ఇళ్ల మధ్య మనుషులు కోస్తారు. మరి నిటారుగా ఉండే కొండల మీద? అక్కడ మెషిన్ ఎక్కదు, రాయికి తగిలితే రవ్వ. దానికి కాలిఫోర్నియా కనిపెట్టిన జవాబు మనకు బాగా తెలిసిందే.. మేకలు! లగూనా బీచ్ ఊరు 1990ల తొలినాళ్ల నుంచీ మేకలతో కొండలు శుభ్రం చేయిస్తోంది. మా వైపు ఓక్లాండ్ కొండల్లోని పార్కుల్లోనూ కనిపిస్తాయి. కరెంటు కంచె కట్టి, మందను వదిలి, అక్కడ మేత అయ్యాక ఇంకో ముక్కకు మారుస్తారు. గడ్డి, పొద, తీగ, ఏదీ వదలవు. మేక తినని ఆకు లేదన్న మాట ఇక్కడ కాంట్రాక్టుగా మారింది.

ఆ మందల కాపరుల్లో చాలామంది పెరూ నుంచి వస్తారు. వాళ్ల వీసా పేరు హెచ్2ఏ. మాది హెచ్1బీ. మేం సర్వర్లు కాస్తాం, వాళ్లు మేకలు కాస్తారు. ఊరు తగలబడకుండా చూసేది ఎవరో మీరే చెప్పండి!

ఓక్లాండ్ కొండలు నాకు ఇంకో రకంగా కూడా ఊరిని గుర్తుచేస్తాయి. అక్కడి యూకలిప్టస్ తోపులు వందేళ్ల కిందటివి. మా ఖమ్మం వైపు పేపర్ మిల్లు కోసం పెంచే జామాయిల్ కూడా ఆ కుటుంబంలోదే. బెరడు పొరలు పొరలుగా ఊడి రాలుతుంది, ఆకుల నిండా నూనె. 1991 అక్టోబర్‌లో ఆ కొండల్లో లేచిన మంటల్లో 25 మంది చనిపోయారు, సుమారు 3 వేల ఇళ్లు పోయాయి. యూకలిప్టస్ ఆ మంటలకు బాగా ఆజ్యం పోసింది. అందుకే అక్కడి తోపులను ఇప్పుడు పలచన చేస్తున్నారు.

ఈ వీకెండ్ ఏం చేయొచ్చు?

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు, లేదా అక్కడ అన్నయ్యో, అక్కో ఉన్నవాళ్లు ఇది వాళ్లకు పంపించండి. పెద్ద ఖర్చేం లేదు, ఒక శనివారం చాలు.

• మీ అడ్రస్ ఏ జోన్‌లో ఉందో కాల్ ఫైర్ మ్యాప్‌లో చూసుకోండి.

• గట్టర్లు, కప్పు మీద ఎండాకులు తీసేయండి. అన్నిటికంటే ముందు ఇదే చేయండి.

• గోడ నుంచి 5 అడుగుల లోపు చెక్కపొట్టు, ఎండిన మొక్కలు, అట్టపెట్టెలు, కొబ్బరిపీచు మ్యాట్ ఉంటే జరపండి. అమెజాన్ డబ్బాలు గ్యారేజీ బయట పేర్చే అలవాటు మనలో చాలామందికి ఉంది. అవి కూడా!

• అటక జాలీలకు అంగుళంలో 8వ వంతు లేదా అంతకంటే చిన్న కన్నులున్న లోహపు మెష్ వేయించండి.

• గడ్డి పచ్చగా ఉన్నప్పుడే, ఏప్రిల్ లోపే కోయించండి. ఎండాక కోసేదైతే ఉదయం 10 లోపే.

• చేసిన పనికి ముందు, తర్వాత ఫొటోలు, బిల్లులు దాచుకోండి. ఇన్‌స్పెక్టర్‌కూ, ఇన్సూరెన్స్‌కూ పనికొస్తాయి.

• పక్కింటివాళ్లను పలకరించండి. నోటీసు వచ్చాక కాదు, ముందే.

ఈ లిస్టులో చివరిదే అన్నిటికంటే కష్టం. మనవాళ్లం చాలామంది ఇక్కడ పక్కింటివాళ్ల పేరు కూడా తెలియకుండా ఏళ్లు గడిపేస్తాం. నా స్థలం, నా గోడ, నా ఇష్టం అనుకుంటాం. నిప్పురవ్వకు మాత్రం సర్వే నంబర్లు తెలియవు. 4 అంగుళాలు, 5 అడుగులు అని చట్టం పెట్టిన లెక్కలన్నీ అసలు చెబుతున్నది ఒకటే: మీ పెరట్లో ఎండుగడ్డి ఉంటే అది మీ ఒక్కరి గడ్డి కాదు.